ఈదీ పైసలు, చేతిలో గేమ్

మా ఛోటా బేటా ఈదీ పైసలు కూడబెట్టాడు. పాత వీడియో గేములాడే చేతి కన్సోల్ కావాలట. ఏది కొనాలి?

1989లో వచ్చిన నింటెండో గేమ్‌బాయ్‌కి గున్‌పే యోకోయ్ కావాలనే రంగుల్లేని సాదా తెర పెట్టాడు. 4 పెన్సిల్ సెల్లులతో పది గంటలు దాటి నడిచేది. మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్‌గేర్ తెర రంగీన్, ఖూబ్‌సూరత్. కానీ 6 సెల్లుల్ని అయిదు గంటల్లోపే మింగేది. బాజీ గేమ్‌బాయ్‌దే. అందుకే ముందు బ్యాటరీ చూడాలి.

బచ్‌పన్‌లో చిత్తూరులో మేం గంటకింతని కిరాయి ఇచ్చి ఆడింది మాత్రం టీవీకి తగిలించే డబ్బా. 1983 నాటి జపాన్ ఫామికామ్‌కి నకలు అది (అసలుదే అనుకునేవాళ్లం!). ఆ గేములు పాత టీవీ కొలతకి, 4:3కి చేసినవి. వెడల్పు తెర కొంటే అటూ ఇటూ నల్లపట్టీలే. బేటాకి 4:3 తెరదే చెప్పాను.

"మరి ఇద్దరం ఆడాలంటే, అబ్బా?"

మా రోజుల్లో రెండో జాయ్‌స్టిక్ భాయిజాన్ చేతిలో ఉండేది. ఆయన కువైట్ వెళ్లి ఇరవై ఏళ్లు.