గుజరాత్ తిమింగల సొర సంరక్షణ ఉద్యమం

సౌరాష్ట్ర తీరంలో వేల్ షార్క్ వేటను మాన్పించి, వేటాడిన జాలర్ల చేతనే దాన్ని కాపాడించిన ప్రజా ఉద్యమం ఇది. 2004 జనవరిలో మొదలైంది. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, ఐఎఫ్ఏడబ్ల్యూ అనే అంతర్జాతీయ జంతు సంక్షేమ సంస్థ, టాటా కెమికల్స్, గుజరాత్ అటవీ శాఖ కలిసి నడిపాయి.

తెలుగులో తిమింగల సొర అని రాసే ఈ ప్రాణి పేరులో తిమింగలం ఉన్నా నిజానికి చేపే, చేపలన్నిటిలోకీ పెద్దది. సాధారణంగా 12 మీటర్ల దాకా ఎదుగుతుంది, అంతకు మించినవీ ఉన్నాయి. ముదురు ఒంటి మీద తెల్లటి చుక్కలు ముగ్గు పెట్టినట్టుంటాయి. అంత దేహానికీ ఆహారం ప్లవకాలు, చిన్న చేపలు. పెద్ద నోరు తెరుచుకుని, నీళ్లు వడగట్టుకుంటూ, పైపైనే నింపాదిగా ఈదుతుంది. మనిషి జోలికి రాదు. అందుకే దాన్ని వేటాడటం తేలికైంది.

సౌరాష్ట్రలోని వేరావల్ రేవు చుట్టుపక్కల జాలర్లు దీని కాలేయం నుంచి తీసిన నూనెను చెక్క పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. ఆ వాడకం ఊరి అవసరానికి సరిపడేంతే ఉండేది. 1990ల్లో తైవాన్ నుంచి మాంసానికి గిరాకీ రావడంతో అది వ్యాపారమైంది. మోకుకు కట్టిన పెద్ద కొక్కేన్ని చేప ఒంట్లోకి దించి, మోకు రెండో కొసకు ఖాళీ పీపాలు కట్టి వదిలేవారు. పీపాలు నీటిలో మునగవు కాబట్టి చేప లోతుకు పోలేదు. వాటిని ఈడ్చి ఈడ్చి అలిసిపోయాక పడవలు దాన్ని రేవుకు లాక్కొచ్చేవి. అక్కడివాళ్లు ఆ చేపను పిలిచే పేరే 'బ్యారెల్'.

ఈ వేటను బయటి ప్రపంచానికి చూపింది మైక్ పాండే 2000లో తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే డాక్యుమెంటరీ. 'గ్రీన్ ఆస్కార్'గా పేరుపడ్డ పాండా అవార్డు దానికి దక్కింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణ ఒక చేపకు రావడం అదే మొదలు. మరుసటి ఏడాది భారత్, ఫిలిప్పీన్స్ చొరవతో అంతర్జాతీయ వ్యాపారానికీ కట్టడి వచ్చింది.

చట్టమైతే వచ్చింది గానీ, దాని మాట చాలా రేవుల్లో తెలియనే లేదు. నడిసముద్రంలో కాపలా కాయడం ఏ శాఖ వల్లా అయ్యే పని కాదు. అందుకే జాలర్లతో మాట్లాడే దారి వెతికారు. రామకథా ప్రవచనాలతో గుజరాత్‌లో ఇంటింటికీ తెలిసిన మొరారి బాపు ఉద్యమానికి గొంతునిచ్చారు. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, ఇంటికొచ్చిన బిడ్డను చంపుకుంటామా అన్నదే ఆయన చెప్పిన మాటల సారం. 'వహాలీ' అని ముద్దుపేరు పెట్టారు, ప్రియమైనది అని అర్థం. గాలి నింపిన నిలువెత్తు బొమ్మను ఊరూరా తిప్పారు, వీధి నాటకాలు ఆడారు. పోర్‌బందర్, డియూ, మంగ్రోల్ వంటి పట్టణాలు ఈ చేపను తమ గుర్తుగా స్వీకరించాయి.

పురుడు మాటను శాస్త్రం పూర్తిగా బలపరచలేదన్నది ఇక్కడ చెప్పుకోవాలి. ఈ చేప గుడ్లను కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటుందని 1995లో తైవాన్‌లో దొరికిన, దాదాపు 300 పిండాలున్న ఆడ చేప వల్ల తెలిసింది. అయితే ఎక్కడ కంటుందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. గుజరాత్ తీరంలో పసి పిల్లలు దొరికిన దాఖలాలు ఉన్నా, అదే పురిటి చోటని రుజువు కాలేదు. అయినా ప్రవచనం పని చేసింది. గ్రాఫులు, పట్టికలు పట్టుకుని వచ్చినవాళ్ల మాటకు ఆ రేవుల్లో అంత విలువ దక్కేదా అన్నది అనుమానమే.

ఈ కథను మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు తరచూ మరిచేది వల ఖరీదు. సొర చిక్కిందంటే నైలాన్ వల దాని తోకకూ మొప్పలకూ చుట్టుకుపోతుంది. విడిపించాలంటే పడవ అంచు నుంచి వంగి కత్తితో వల కోయాల్సిందే, ఆ వల మళ్లీ పనికి రాదు. అప్పు చేసి వల కొన్నవాడికి అది చిన్న నష్టం కాదు. అటవీ శాఖ అందుకు 25,000 రూపాయల దాకా సాయం ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో అధికారి వచ్చి చూస్తేగానీ సాయం అందేది కాదు, ఈలోగా చేప చచ్చేది. తర్వాత జాలర్ల చేతికే నీటిలో తడవని కెమెరాలిచ్చి, వాళ్లు తీసిన ఫోటోలనే సాక్ష్యంగా తీసుకున్నారు. అప్పటి నుంచి పని చురుకైంది. మొరారి బాపు మాట మనసు మార్చి ఉండవచ్చు, ఆ మార్పును ఏళ్ల తరబడి నిలబెట్టింది మాత్రం ఈ ఏర్పాటే. ఇప్పటిదాకా తొమ్మిది వందలకు పైగా సొరలను జాలర్లు వల కోసి వదిలారు. 2011 నుంచి కొన్నిటికి ఉపగ్రహ ట్యాగులు కట్టి వాటి రాకపోకలను కూడా గమనిస్తున్నారు.

ఆ తర్వాత ఈ కార్యక్రమం కేరళకు, లక్షద్వీప్‌కు విస్తరించింది. అయితే ప్రపంచమంతటా చూస్తే పరిస్థితి అంత బాగా లేదు. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని 'అంతరించే ప్రమాదంలో ఉన్నవి' అనే వర్గంలోకి మార్చింది.

వేరావల్‌తో తెలుగువారికీ లంకె ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అక్కడి బోట్లలో కూలికి వెళ్తుంటారు. 2018లో సముద్రంలో పాకిస్తాన్ బలగాలకు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన ఆంధ్ర జాలర్లు అలా వెళ్లినవాళ్లే. మన తీరానికీ ఈ చేప వస్తుంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన ఒక సొరను జాలర్లు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి లోతు నీటిలోకి పంపారు. చట్టం అన్ని తీరాలకూ ఒకటే. తిమింగల సొరను చంపినా, దాని మాంసం అమ్మినా జైలు శిక్ష పడుతుంది. వలలో చిక్కితే వదిలిపెట్టి, అటవీ శాఖకు కబురు చేయాలి.