లారీ టైరు ఆయుష్షు తినేది రోడ్డేనా?

లారీ టైరు తొందరగా పోయిందంటే అందరూ ముందు రోడ్డును తిడతారు, తర్వాత రబ్బరును. అమెరికాలో పద్దెనిమిది చక్రాల సెమీ ట్రక్కుల గతం తిరగేస్తే మాత్రం అసలు దోషి వేడే అనిపిస్తుంది. 1917లో గుడ్‌ఇయర్ సంస్థ తన గాలి టైర్ల సత్తా చూపించడానికి ఒక ప్యాకార్డ్ ట్రక్కును ఆక్రన్ నుంచి బోస్టన్‌కు పంపింది. అప్పటికి బరువు లాగే బళ్లు చాలావరకు గట్టి రబ్బరు చక్రాల మీదే నడిచేవి. ఆ మొదటి ప్రయాణంలో టైర్లు ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. దారి బాగాలేని మాట నిజమే. కానీ టైరు లోపల బరువు మోసేది అప్పట్లో నూలు దారం. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనినచోట టైరు అణిగి, మళ్లీ లేస్తుంది. ఆ అణగడం లేవడంలోనే వేడి పుడుతుంది. వేడెక్కితే నూలు బలం సడలుతుంది. నూలు పోయి రేయాన్, రేయాన్ పోయి నైలాన్, ఆపైన ఉక్కు తీగ వచ్చాయి. పైకి కనిపించే రబ్బరు కన్నా లోపలి దారం మారడమే టైరు చరిత్రలో పెద్ద మలుపు.

వేడే అసలు దోషి అనడానికి గట్టి సాక్ష్యం రెండో ప్రపంచ యుద్ధంలో దొరుకుతుంది. 1942లో మలయా, డచ్చి ఈస్టిండీస్ జపాన్ చేతికి చిక్కడంతో అమెరికాకు సహజ రబ్బరు దాదాపు ఆగిపోయింది. టైర్లు ఎక్కువ కాలం రావాలని ప్రభుత్వం దేశమంతటా గంటకు 35 మైళ్ల వేగ పరిమితి పెట్టింది. కృత్రిమ రబ్బరు కార్ల టైర్లకు బాగానే సరిపోయింది. మందంగా ఉండే లారీ టైర్లలో మాత్రం అది విపరీతంగా వేడెక్కేది. అందుకే మిగిలిన కాస్త సహజ రబ్బరునూ పెద్ద టైర్లకు దాచిపెట్టారు. రోడ్లు అవే, బళ్లూ అవే, మారింది రబ్బరు, దానితో పెరిగింది వేడి. మిషెలిన్ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరు గెలుపులోనూ ఇదే కిటుకు ఉంది. పాత టైర్లలో అడ్డదిడ్డంగా పేర్చిన దారపు పొరలు ఒకదానితో ఒకటి రాసుకునేవి. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా సాగుతాయి కాబట్టి రాపిడి తక్కువ, వేడీ తక్కువే.

మరి ముందు చక్రాలు ఒకవైపే అరగడం, అలైన్‌మెంట్ తప్పితే అంచులు కొరుక్కుపోవడం వేడి వల్లేనా అని అడగొచ్చు. కాదు, అది అచ్చంగా అరుగుదలే. అయితే అరిగిన టైరుకు పైన కొత్త ట్రెడ్ వేయించుకోవచ్చు, లోపలి గూడు బాగుంటే. గాలి తక్కువతో, మోయలేని లోడుతో పరుగెత్తి ఉడికిపోయిన గూడుకు రీట్రెడింగ్ పనికిరాదు. అరుగుదల వల్ల టైరు ఒక జన్మే పోగొట్టుకుంటుంది, వేడి వల్ల మిగతా జన్మలూ పోతాయి. హైవే పక్కన పడివుండే నల్లటి పేలికలన్నీ రీట్రెడ్ టైర్లవేనన్న అపవాదు ఇంకొకటి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం అలాంటి ముక్కలను ఏరి పరీక్షించింది. అందులో కొత్త టైర్ల ముక్కలూ కనిపించాయి. టైర్లు చిరగడానికి రోడ్డు మీద గుచ్చుకున్నవీ, నిర్వహణ లోపాలూ, అతి వేడీ కారణాలుగా తేలాయే తప్ప, రీట్రెడింగ్ పనితనం పెద్ద కారణంగా తేలలేదు. రోడ్డు తప్పేమీ లేదని నేనూ అనను. కానీ మేకు గుచ్చుకున్న టైరు కూడా చాలాసార్లు గాలి తగ్గి, వేడెక్కాకే చిరుగుతుంది.

ఇక అరుగుదలకూ, రీట్రెడ్‌కూ ఉన్న హద్దుల మాటకొస్తే, అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం లారీ ముందు టైర్ల గాడి లోతు సుమారు 3.2 మిల్లీమీటర్లకు, మిగతావాటిది 1.6కు తగ్గకూడదు. బస్సు ముందు చక్రాలకు రీట్రెడ్ టైరు వాడకూడదు. లారీ ముందు చక్రాలకు అలాంటి నిషేధం లేదు.