గిన్నె కడుపులో గిన్నె

మా వీధి చివర ఒక వడ్రంగి దుకాణం ఉండేది. అందులో ఒక తరిమెన. అదేనండీ, ఇప్పుడు అందరూ లేత్ మిషను అంటున్నది. కర్ర గిరగిరా తిరుగుతుంటే దానికి ఉలి ఆనించగానే పొట్టు రిబ్బన్లలాగ లేచి ఆయన మీసాల మీద వాలేది. పట్టెమంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, కవ్వాలు, ఏది కావాలన్నా ఆయన దగ్గరే. ఒకసారి మా అమ్మ, ఉప్పు పోసుకోవడానికి చెక్క గిన్నె ఒకటి చేసిపెట్టమని నాతో కబురంపింది.

“అమ్మగారితో చెప్పు బాబూ, కోళ్ళు ఎన్నంటే అన్ని చేస్తాను. గిన్నె మాత్రం దీనిమీద కుదరదు. దీనికి రెండు పక్కలా పట్టుకోవడమే తెలుసు” అన్నాడాయన.

అప్పుడు అది తప్పించుకునే మాట అనుకున్నాను. చాలా ఏళ్ళకు గాని తెలియలేదు, ఆయన ఒక్క వాక్యంలో తరిమెన చరిత్రలో సగం చెప్పేశాడని.

మంచం కోడు పొడుగు వస్తువు. దాన్ని రెండు మొనల మధ్య ఇరికించి తిప్పితే చాలు, ఉలికి పని అంతా పైపైనే. గిన్నె అలా కాదు. దాని పొట్ట తొలవాలి. తొలవాలంటే నోరు ఖాళీగా ఉండాలి. నోటికి ఎదురుగా మొన గుచ్చి పట్టుకుని కూర్చుంటే ఉలి లోపలికి ఎలా పోతుంది చెప్పండి? గిన్నె కోసం మనిషి తరిమెనకు చేసిన మార్పులన్నీ ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగినవే.

తరిమెన బొమ్మల్లో బాగా పాతది ఈజిప్టులో ఉంది. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడమీద చెక్కారు. ఒకడు తాడు లాగుతున్నాడు, ఇంకొకడు పనిముట్టు పట్టుకున్నాడు. మన వంటింట్లో కవ్వానికి తాడు చుట్టి అటూ ఇటూ లాగడం చూశారుగా, అదే సూత్రం. కర్ర ఓసారి ఇటు, ఓసారి అటు తిరుగుతుంది. ఉలి తెగేది ఇటు తిరిగినప్పుడే. అటు తిరిగేటప్పుడు చేతిని కాస్త వెనక్కి తీసుకోవాలి.

యూరపులో ఆ తాడు లాగే మనిషికి సెలవిచ్చి, పైన ఒక వంగే గడ కట్టారు. తాడు ఒక కొస గడకి, రెండో కొస కాలికింది తొక్కుడు చెక్కకి. తొక్కితే కర్ర ముందుకు తిరుగుతుంది, కాలు ఎత్తితే గడ వెనక్కి లాగుతుంది. ఇంత సులువైన యంత్రం మీద గిన్నెలు ఎలా చేశారయ్యా అంటే, తాడును గిన్నె దిమ్మకు చుట్టకుండా, దిమ్మకు మేకులతో దిగగొట్టిన ఒక చిన్న ఇరుసుకి చుట్టారు. దిమ్మ అవతలి వైపు మొన గుచ్చే ఉంటుంది. ఆ మొన ఆనిన చోట మధ్యలో ఒక గుంజ వదిలేసి, దాని చుట్టూ తొలుచుకుంటూ పోయారు. చివరికి ఆ గుంజని పుటుక్కున విరిచేస్తే గిన్నె చేతికి వస్తుంది.

ఇంగ్లండులో యార్క్ పట్నంలో కాపర్‌గేట్ అనే వీధి ఉంది. పేరు చూసి రాగి అనుకోకండి. పాత నార్స్ భాషలో అది కొయ్యపాత్రలు చేసేవాళ్ళ వీధి, మన కంసాలివీధి, కుమ్మరివీధి లాంటిదే. 1976 నుంచి 1981 దాకా అక్కడ తవ్వితే, వైకింగుల కాలంనాటి ఇలాంటి విరిచి పారేసిన గుంజలు దొరికాయి. వెయ్యేళ్ళనాటి చెత్త, ఇవాళ ప్రదర్శన వస్తువు! 1545లో మునిగి 1982లో పైకి తేలిన ‘మేరీ రోజ్’ యుద్ధనౌకలోనూ నావికులు అన్నం తిన్న కొయ్యగిన్నెలు బోలెడు బయటపడ్డాయి. అన్నం అంటే మన అన్నం కాదు లెండి.

గుంజ చుట్టూ తొలవడానికి తిన్నని ఉలి పనికిరాదు. దానికి కొక్కెంలాగ కొస వంచిన ఉలి కావాలి. ఇక్కడే జార్జ్ లైలీ గారి ప్రస్తావన రావాలి. బెర్క్‌షైరులో బకిల్‌బరీ దగ్గర ఒక గుడిసెలో, తండ్రీ తాతా చేసిన పనే, ఆ తొక్కుడు తరిమెన మీదే చేసుకుంటూ బతికాడు. ఆయన ప్రత్యేకత ఏమిటంటే గుంజని పారేసేవాడు కాదు. పొడుగాటి కొక్కెం ఉలితో పెద్ద గిన్నె లోపలి అంచు వెంబడి వంపుగా కోసుకుపోయి, లోపలి దిమ్మను సాంతంగా ఊడదీసేవాడు. దాన్నుంచి ఇంకో గిన్నె, దాని కడుపులోంచి మరొకటి. ఎల్మ్ చెట్టు దిమ్మ ఒక్కటే, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు మాత్రం వరసగా. మన ఇళ్ళలో గిన్నెల వరస బోర్లించినట్టే.

లైలీ 1958లో పోయాడు. వారసుడు లేడు. ఆయన తరిమెననూ పనిముట్లనూ రెడింగు పట్నంలోని గ్రామీణ జీవన మ్యూజియం వాళ్ళు భద్రం చేశారు. పనిముట్టుని భద్రం చెయ్యొచ్చు గానీ, దాన్ని ఏ వాటంలో పట్టాలో, ఏ క్షణాన వెనక్కి తియ్యాలో ఆ చేతితోనే పోయింది. 1990 దశకంలో రాబిన్ వుడ్ అనే ఆయన ఆ మ్యూజియంలో వాటిని చూసి, తనకోసం అలాంటి తరిమెన కట్టుకుని, కొక్కేలు కొలిమిలో తనే సాగగొట్టుకుని, తప్పులు చేస్తూ పట్టు సంపాదించాడు. నేర్పేవాడు ఉంటే ఎంత త్వరగా వచ్చేదో.

ఈలోగా ప్రపంచం వేరే దారి పట్టింది. వంకర ఇరుసు, బరువు చక్రం పెట్టి, కాలితో తొక్కితే ఒకే వైపు ఆగకుండా తిరిగే తరిమెనను లియొనార్డో డావించి 15వ శతాబ్దంలోనే కాగితం మీద గీశాడు. తర్వాత ఆవిరి, ఆపైన కరెంటు మోటారు. ఒకే వైపు తిరగడమనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గిన్నెకి అదే విముక్తి. అటూ ఇటూ తిరిగే తరిమెనకు దిమ్మని మరతో బిగిస్తే వెనక్కి తిరిగేటప్పుడు ఊడిపోయే భయం. ఒకే వైపు తిరిగితే మర ఇంకా బిగుసుకుంటుంది. అందుచేత ఇరుసు కొసకు ఒక ఇనుప పళ్ళెం మరతో ఎక్కించి, దిమ్మను ఆ పళ్ళేనికి నాలుగు స్క్రూలతో బిగించారు. రెండో మొన అక్కర్లేదు. గిన్నె నోరు తెరుచుకుంది!

అంతటితో అయిందా? కోళ్ళ కోసం చేసిన తరిమెనకు కింద పొడుగాటి మంచం ఉంటుంది. ఆ మంచం నుంచి ఇరుసు ఆరంగుళాల ఎత్తులో ఉంటే పన్నెండు అంగుళాలకు మించిన గిన్నె దానిమీద తిరగదు, అంచు తగిలేస్తుంది. కొందరు ఇరుసు తలకాయ కింద దిమ్మలు పేర్చి ఎత్తు పెంచారు. తెలివైనవాళ్ళు ఇరుసును వెనకవైపు కూడా బయటికి సాగదీసి, మంచం అడ్డులేని ఆ పక్కన పళ్ళెం బిగించారు. అటు వైపు మామూలు మర ఊడిపోతుంది కాబట్టి ఎడమ మర వేశారు. సైకిలు ఎడమ పెడలుకి ఉండే మర లాంటిది. ఉలి ఆనించుకోవడానికి నేలమీద విడిగా ఒక ముక్కాలి. తర్వాత వేగం. నిమిషానికి వెయ్యి చుట్లు కోడుకి లెక్కలోది కాదు. పన్నెండంగుళాల గిన్నె అంచు మాత్రం ఆ లెక్కన గంటకు 57 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దిమ్మలో పగులుంటే ముక్క ఎగిరి మొహానికి తగలొచ్చు. అందుకే పుల్లీలు మార్చి వేగం తగ్గిస్తారు.

మన దగ్గర అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కపిడతలూ కుంకుమ భరిణెలూ ఈ కుటుంబంలోవే. అంకుడు మెత్తన, వస్తువు చిన్నది కాబట్టి వాళ్ళకు మంచం ఎత్తుతో పేచీ రాలేదు. పైగా తిరుగుతున్న కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. గిన్నెకి మెరుగు కూడా తరిమెనే పెడుతుందన్నమాట.

ఇంత హంగామా చేసి, ఒక నష్టం మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండంగుళాల అర్ధగోళంలాంటి దిమ్మలోంచి అరంగుళం మందం గిన్నె చెయ్యండి. నూటికి 77 వంతుల కర్ర పొట్టయి కిందపడుతుంది. మంచి దిమ్మ ఖరీదు చూసుకుంటే గుండె చెరువవుతుంది. అందుకని ఈమధ్య దశాబ్దాల్లో ఒక కొత్త సామాను అమ్మకానికి వచ్చింది. వంకర కత్తి ఒకటి, దాన్ని ఊగకుండా పట్టే ఇనుప దన్ను ఒకటి. గిన్నె లోపలి అంచు వెంబడి వంపుగా కోసుకుపోయి లోపలి దిమ్మను సాంతంగా ఊడదీస్తుంది. దాన్నుంచి ఇంకో గిన్నె చేసుకోవచ్చట.

ఆ వంకర కత్తి ఫొటో చూసి, రెడింగు మ్యూజియంలోని లైలీ కొక్కేల ఫొటో పక్కన పెట్టాను. మా ఆవిడ చూసి, “ఒకటే కదండీ, రెండు ఫొటోలెందుకు?” అంది.