మంజీర వెంట మనోహర ప్రయాణం
సికింద్రాబాద్ నుంచి రెండు దారులు.. నీరుంటేనే అందం, నీటితోనే అప్రమత్తత

సికింద్రాబాద్: జంట నగరాల దాహం తీర్చిన మంజీర నదిని చూడాలంటే సికింద్రాబాద్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం చాలు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన ఈ నది ఆగ్నేయంగా ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతంలో ఒక్కసారిగా ఉత్తర దిశకు మళ్లుతుంది. అక్కడి నుంచి మెదక్, కామారెడ్డి జిల్లాల మీదుగా సాగి నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ మలుపు కారణంగానే నగరం నుంచి పడమటికి వెళ్లినా, వాయవ్యానికి వెళ్లినా మంజీర ఎదురవుతుంది.

అడవి దారిలో మెదక్‌కు..
బాలానగర్, గండిమైసమ్మ, గుమ్మడిదల మీదుగా సాగే మెదక్ రహదారి మొదటిది. నర్సాపూర్ సమీపంలో దారికి ఇరువైపులా అడవి పరచుకుని ఉంటుంది. తొలకరి తరువాత ఈ మార్గం పచ్చదనంతో కనువిందు చేస్తుంది. కోతులకు ఆహారం వేసేందుకు వాహనాలు నిలపడం వాటికీ, ప్రయాణికులకూ ప్రమాదకరం.
మెదక్ చేరుతుండగా చర్చి శిఖరం దూరం నుంచే దర్శనమిస్తుంది. కరవు కాలంలో పేదలకు పని, తిండి కల్పించేందుకు చార్లెస్ వాకర్ పాస్నెట్ చేపట్టిన ఈ నిర్మాణం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. గోపురం ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జీవిత ఘట్టాలను చూపే రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే శోభిస్తాయి. అందువల్ల చీకటి పడకముందే చేరుకోవడం మంచిది.

ఏడు పాయల నడుమ దుర్గమ్మ
మెదక్‌కు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి వద్ద మంజీర ఏడు పాయలుగా చీలి తిరిగి ఒక్కటవుతుంది. పాయల నడుమ రాతిగుట్టల మధ్య వనదుర్గాభవాని కొలువై ఉంది. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. శివరాత్రికి మూడు రోజుల జాతర జరుగుతుంది. ఎగువనే 1905 నాటి ఘనపూర్ ఆనకట్ట ఉంది. దీనినే వనదుర్గ ప్రాజెక్టు అని పిలుస్తున్నారు. భారీ వరద వచ్చినప్పుడు ఆలయాన్ని నీరు చుట్టుముడుతుంది. అప్పుడు ఆలయాన్ని మూసివేసి, రాజగోపురం వద్ద ఉత్సవ విగ్రహానికి పూజలు నిర్వహిస్తారు.

పోచారం నుంచి నిజాంసాగర్
మెదక్ నుంచి ఎల్లారెడ్డి దారిలో సుమారు 15 కిలోమీటర్లు వెళితే పోచారం జలాశయం వస్తుంది. మంజీర ఉపనది ఆలేరు వాగుపై దీనిని 1922లో పూర్తిచేశారు. చుట్టూ ఉన్న అభయారణ్యంలో చుక్కల దుప్పులు, సాంబర్లు సంచరిస్తాయి. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. ఎల్లారెడ్డి మీదుగా ముందుకు సాగితే నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో పనులు మొదలై 1931లో ముగిశాయి. తిరుగు ప్రయాణానికి కామారెడ్డి చేరుకుని 44వ నంబరు జాతీయ రహదారిపై రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా నగరానికి రావచ్చు.

సింగూరు దారి
రెండో మార్గం పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా సాగుతుంది. సంగారెడ్డి సమీపంలోని మంజీర అభయారణ్యం మొసళ్లకు, నీటి పక్షులకు నెలవు. జోగిపేట దారిలో శివ్వంపేట వంతెనపై నుంచి నదిని చూసి, పుల్కల్ వైపు మళ్లితే 29.91 టీఎంసీల సామర్థ్యం గల సింగూరు ప్రాజెక్టు చేరవచ్చు. ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునే వారికి ఈ దారి అనుకూలం.

బయలుదేరే ముందు..
ఈ రెండు దారులనూ కలిపేది ఒకే నీరు. సింగూరు గేట్లు ఎత్తితే ఆ వరద ఘనపూర్ ఆనకట్టను దాటి ఏడుపాయలను ముంచెత్తి నిజాంసాగర్‌కు చేరుతుంది. ఏడుపాయల వద్ద వాన లేకున్నా, ఎగువన కురిసిన వానకు పాయలు ఉప్పొంగవచ్చు. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుండపోతకు మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పలుచోట్ల రహదారులు తెగిపోయాయి. కామారెడ్డి వద్ద జాతీయ రహదారిపైనా రాకపోకలకు అంతరాయం కలిగింది. పోచారం ఆనకట్ట సామర్థ్యానికి మించిన వరదను ఎదుర్కొని నిలిచింది.
కనుక ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో వెళ్లేవారు సింగూరు నుంచి నీటి విడుదల వివరాలు తెలుసుకున్నాకే బయలుదేరాలి. కాజ్‌వేలపై నీరు పారుతుంటే వాహనం దాటించరాదు. పాయల్లో స్నానాలకు దిగి ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఉన్నందున లోతు తెలియని చోట దిగరాదు. వరద తగ్గి, జలాశయాలు నిండుగా ఉండే అక్టోబరు నుంచి జనవరి వరకు ఈ ప్రయాణానికి అనువైన కాలం.