కుంఫిణీ వారి సామాజిక బాధ్యత

ఏటా మా ఆఫీసులో సీఎస్ఆర్ నివేదిక వస్తుంది. బడికి బెంచీలు, మొక్కలు, నవ్వుతున్న పిల్లలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలి. అది చదివినప్పుడల్లా నాకు పామర్రు చుట్టూ ఉన్న పంట కాలవలు గుర్తొస్తాయి. ఆ కాలవలకి మొదలు వేసింది కూడా ఒక కంపెనీయే.

ఈస్టిండియా కంపెనీ 1611లో బందరులో దిగింది. బట్టలు కొనుక్కోవడానికొచ్చిన వ్యాపారి నూటయాభై ఏళ్ళకి శిస్తు వసూలు చేసే దొరయ్యాడు. మనవాళ్ళు ‘కుంఫిణీ’ అన్నారు, ఇప్పుడు ‘మేనేజ్‌మెంట్’ అన్నట్టు. లండన్లో 24 మంది డైరెక్టర్లు. వాళ్ళని ఎన్నుకునేది వాటాదార్లు. 1773 తర్వాత వెయ్యి పౌన్ల వాటాకి ఒక ఓటు, పదివేలకి నాలుగు. పైన, 1784 నుంచీ, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్. అంటే రెగ్యులేటర్ కూడా ఉన్నాడన్నమాట. లేనిదల్లా శిస్తు కట్టే రైతుకి ఓటు.

1832-33, నందన సంవత్సరం, డొక్కల కరువు. గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది పోయారని గార్డన్ మెకంజీ 1883లో కృష్ణా జిల్లా మాన్యువల్‌లో రాశాడు. ఆ పక్కనే కృష్ణ నీళ్ళు సముద్రంలోకి పోయేవి. వాటిని పొలాలకి మళ్ళించొచ్చని సర్వేయరు మైకేల్ టాపింగ్ 1790ల్లోనే చెప్పాడు. సరిగ్గా ఆ 1833లోనే పార్లమెంటు కొత్త చార్టర్ చట్టం చేసింది. కంపెనీ ఇక వ్యాపారం చెయ్యకూడదు, కానీ వాటాదార్లకి ఏటా పదిన్నర శాతం డివిడెండు గ్యారంటీ. వ్యాపారం లేని కంపెనీకి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? ఇండియా రాబడి నుంచి. చట్టంలోనే రాసుకున్నారు.

బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఓర్, పేరు మాత్రం ఎక్కువగా కాటన్‌దే. కాటన్‌కి డెల్టా రైతు పెట్టే దణ్ణాన్ని నేను తప్పుపట్టను. కానీ గోదావరి ఆనకట్ట కోసం ఆయన పంపిన నివేదికలు చూడండి. తగ్గిపోయిన శిస్తెంత, నీళ్ళొస్తే పెరిగే శిస్తెంత అన్న లెక్కలే ముందుంటాయి. కరువు ఒక్కటే చెబితే పై వాళ్ళు కదలరని ఆయనకి తెలుసు. ప్రాజెక్టు అప్రూవల్ కోసం స్లైడ్లు చేసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది.

ఆ 1855లోనే ఇంకో నివేదిక కూడా వచ్చింది. మద్రాసు రాజధానిలో శిస్తు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్నది నిజమేనని విచారణ సంఘం తేల్చింది. ఆ సంగతిని 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ తరఫున పార్లమెంటు దాకా తీసుకెళ్ళింది తెలుగువాడు, గాజుల లక్ష్మీనర్సు శెట్టి. నీలిమందు, బట్టల వ్యాపారం చేసిన కుటుంబం ఆయనది. సంపాదించింది పత్రికకీ ఈ పోరాటాలకీ పెట్టి, 1868లో చేతిలో డబ్బు లేకుండా పోయాడు.

1874లో కంపెనీ రద్దయింది. వాటాదార్లకి ప్రతి వంద పౌన్ల స్టాకుకీ రెండు వందల పౌన్ల చొప్పున ముట్టింది.