మీట నొక్కే ముందు మూడు ప్రశ్నలు

ఉదయం తొమ్మిదిన్నర. డెంటల్ కాలేజీ ఓపీ చీటీల వరుస అప్పుడే వరండా దాటింది. మీరు దాని పక్కనుంచి నడిచి ఓరల్ మెడిసిన్, రేడియాలజీ విభాగంలోకి వచ్చారు. నోట్లో ఏ బాధ ఉన్నా రోగి మొదట రావలసింది ఇక్కడికే. పన్ను తీయాలా, నిలబెట్టాలా, ఏ విభాగానికి పంపాలి అన్నది ఇక్కడే తేలుతుంది.

మూడో కుర్చీలో యాభై ఏళ్ళావిడ ఎడమ చెంప పట్టుకుని కూర్చుంది. "రాత్రంతా ఒకటే సలుపు డాక్టరమ్మా, కంటిమీద కునుకు లేదు. ఇదిగో, ఈ కింద పన్నే" అంటూ వేలు పెట్టి చూపిస్తోంది. హౌస్ సర్జన్ అమ్మాయి తొంగి చూసింది. కింద దవడపన్నులో నల్లగా గొయ్యి. వెంటనే ఎక్స్-రే చీటీ అందుకుంది.

"పరీక్ష పూర్తయిందామ్మా?" వెనకనుంచి ప్రొఫెసర్ మేడమ్ గొంతు.

పెన్ను ఆగింది. అమ్మాయి మిర్రర్ పిడితో కింద పన్ను మీద తట్టింది. ఆవిడ కదల్లేదు. ఒక్కొక్కటే తడుతూ పై వరుసకు వెళ్ళింది. పాత సిమెంటు నింపిన పై దవడపన్ను మీద పిడి తగలగానే ఆవిడ "అమ్మో!" అని కుర్చీలోంచి లేవబోయింది. పై పన్ను నొప్పి కింద, కింద పన్ను నొప్పి పైన తెలియడం దంతవైద్యంలో మామూలే. ఇందాకటి చీటీ అలాగే వెళ్ళుంటే, బాధ లేని దవడకు ఎక్స్-రే పడేది.

ఇప్పుడు మేడమ్ మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఎక్స్-రే తీస్తే తప్ప తెలియనిది ఏమిటి? అది తెలిశాక వైద్యంలో ఏం మారుతుంది? ఈమధ్య తీయించిన పాత ఫిల్ము ఏమైనా ఉందా? అమ్మాయి కాస్త ఆలోచించి జవాబిచ్చింది: "వేరు కొసన ఎముక ఎంత దెబ్బతిందో కంటికి కనిపించదు మేడమ్. అది చూస్తేనే రూట్ కెనాల్ చేయాలో, పన్ను తీసేయాలో చెప్పగలం. పాత ఫిల్ము లేదట."

"అయితే తీయి."

ఎక్స్-రే గది తలుపు మీద రేడియేషన్ గుర్తు, గర్భవతులు ముందుగా చెప్పాలన్న బోర్డు. మన దేశంలో ఇలాంటి యంత్రాల భద్రతను పర్యవేక్షించేది అణుశక్తి నియంత్రణ మండలి.

దగ్గరకు రండి, అమ్మాయి చేతులు గమనించండి. సెన్సార్‌కు ప్లాస్టిక్ తొడుగు వేసి, హోల్డర్‌కు బిగించి, అంగిలి వైపు జాగ్రత్తగా జరిపింది. ఆవిడకు డోకు వచ్చింది. "ముక్కుతో గాలి పీల్చండమ్మా, అయిపోయింది." హోల్డర్ లేని రోజుల్లో రోగే వేలితో ఫిల్ము పట్టుకునేవాడు, ఆ వేలి మీదా కిరణాలు పడేవి. డాక్టరైతే ఎన్నడూ తన చేత్తో పట్టుకోకూడదు.

ఇక కోన్, అంటే యంత్రంలోంచి కిరణం బయటికొచ్చే గొట్టం. గుండ్రటి కోన్ నుంచి వచ్చే కిరణం చర్మం మీద దాదాపు 6, 7 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. సెన్సార్ చూస్తే 3 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల పొడవు. మిగతా కిరణాలన్నీ బొమ్మకు పనికిరాకుండా ఒంట్లోకి పోయేవే. అందుకే ఈ కోన్‌కు దీర్ఘచతురస్రపు మూతి బిగించారు. ఈ ఒక్క మార్పుతో రోగికి తగిలే మోతాదు సగానికి పైగా తగ్గుతుంది.

అమ్మాయి సీసపు అడ్డు వెనక్కి వచ్చింది. ఆ అడ్డు లేనిచోట కనీసం ఆరడుగులు దూరం జరగాలి, కిరణం వెళ్ళే దారిలో నిలబడకూడదు. బీప్ వినిపించింది. సెకనులో కొద్ది భాగం, అంతే.

తెర మీద బొమ్మ వచ్చింది. వేరు కొస చుట్టూ నల్లటి నీడ స్పష్టంగా ఉంది. కానీ ముందువైపు కిరణం పడక ఒక మూల తెల్లగా తెగింది. "మేడమ్, కోన్ కట్ వచ్చింది. రికార్డులో బాగుండదు, ఇంకోటి తీయనా?"

"మనకు కావలసిన కొస కనిపిస్తోందిగా? బొమ్మ అందంగా రావడానికి రోగికి రెండోసారి ఎక్స్-రే ఇవ్వం."

నేర్పే ఆసుపత్రిలో అసలు పరీక్ష ఇదే. విద్యార్థికి చేయి తిరగాలి, కేసుల లెక్క పూర్తికావాలి. ఆ అవసరం విద్యార్థిది, రోగిది కాదు. సాధన కోసం పక్కగదిలో మనిషి తలను పోలిన నమూనా, ఫాంటమ్ తల ఉంది. దాని మీద ఎన్నిసార్లు తీసినా ఎవరికీ నష్టం లేదు. డిజిటల్ సెన్సార్ వచ్చాక కడగాల్సిన ఫిల్ము లేదు, ఖర్చు లేదు. కాబట్టే "ఇంకోటి" అనడం మరీ తేలికైపోయింది.

ఈ జాగ్రత్తలన్నీ దెబ్బలు తిన్నాక వచ్చినవి. రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నది 1895లో. మరుసటి ఏడాది జనవరిలో జర్మనీలో ఓటో వాల్‌కాఫ్ తన పళ్ళ ఫోటో కోసం 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ ఏళ్ళ తరబడి యంత్రాన్ని తన చేతి మీదే సరిచూసుకున్నాడు. క్యాన్సర్ సోకి వేళ్ళు, చెయ్యి కోల్పోయాడు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇవాళ్టి మోతాదు వేరు. ఒక పన్ను డిజిటల్ ఎక్స్-రేకి కొన్ని మైక్రోసీవర్టులే. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఏటా ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్టుల దాకా రేడియేషన్ అందుతూనే ఉంటుంది. కాబట్టి భయంతో మానుకోనక్కర్లేదు. గర్భిణికి పంటి చీము ప్రమాదకరంగా ఉంటే ఎక్స్-రే తీయవచ్చు. కడుపులోకి చేరేది అత్యల్పం. కిరణాన్ని కావలసినంత మేరకే కుదిస్తే సీసపు ఏప్రాన్, మెడపట్టీ అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో చెప్పింది. అసలైన రక్షణ ఏప్రాన్ కన్నా ముందే, మేడమ్ అడిగిన ఆ మూడు ప్రశ్నల్లో ఉంది.

ఈసారి పంటి డాక్టరు ఎక్స్-రే రాస్తే వద్దనకండి. దాన్నిబట్టి వైద్యంలో ఏం నిర్ణయిస్తారో అడగండి. పాతది ఉంటే వెంట తీసుకెళ్ళండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు, జవాబు చెబుతారు.