ఆబ్జెక్ట్ డేటాబేస్‌లు, రిలేషనల్ డేటాబేస్‌లు

ప్రోగ్రాములోని ఆబ్జెక్టులను విడగొట్టకుండా, వాటి మధ్య లంకెలతో సహా డిస్కు మీద దాచిపెట్టేది ఆబ్జెక్ట్ డేటాబేస్. 1980ల చివర, 1990ల మొదట్లో జెమ్‌స్టోన్, ఆబ్జెక్ట్‌స్టోర్, వెర్సంట్ వంటివి వచ్చేసరికి, ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన, డేటాను టేబుళ్లలో ఉంచే రిలేషనల్ పద్ధతికి కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు. కానీ టేబుళ్లే నిలిచాయి.

ఎందుకన్నది రైల్వే రిజర్వేషన్‌లో బాగా కనిపిస్తుంది. రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమల్లోకి వచ్చింది. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కేంద్రాలతో కలిసి ఒకే నెట్‌వర్క్ అయింది. అది ఆబ్జెక్ట్ డేటాబేస్ మీద నడవలేదు. కానీ ఇక్కడ చూడవలసింది అందులోని సమాచారం తీరు. ఒక ఫారం మీద ఆరుగురి దాకా ప్రయాణికులు, ఒక్కొక్కరికి వయసు, బెర్తు, అందరికీ కలిపి ఒకే పీఎన్ఆర్ నంబరు. ఆబ్జెక్టుగా ఇది ముచ్చటైన అమరిక: టికెట్టు దొరికితే అందరూ దొరికినట్లే. కౌంటర్ గుమస్తాకు అది చాలు. చార్టు వేసేవారికి మాత్రం ఫలానా తేదీన, ఫలానా రైల్లో, ఎస్-5లో 23వ బెర్తు ఎవరిదో కావాలి. లెక్కల విభాగానికి షిఫ్టులవారీ వసూళ్లు, క్యాన్సిలేషన్లు కావాలి. రేపు ఇంకొకరు వచ్చి, కాజీపేటలో ఎక్కే వృద్ధులు ఎందరని అడగవచ్చు. ఇలాంటి ప్రశ్నలకు ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో ముందే దారి వేసి ఉంచాలి, లేదంటే టికెట్లన్నీ తిరగేయాలి. టేబుళ్లలోనైతే ఎవరూ ఊహించని ప్రశ్నకైనా, వాటిని ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో నాలుగు లైన్లు రాస్తే సరిపోతుంది. వేగంగా వెతికే దారి ఏదో డేటాబేసే చూసుకుంటుంది.

మార్కెట్టూ కలిసిరాలేదు. ఎస్‌క్యూఎల్ 1986లోనే అమెరికా ప్రమాణమైంది. ఆబ్జెక్ట్ కంపెనీల బృందమైన ఓడీఎంజీ ప్రమాణం 1993లో వచ్చింది, ఆ బృందమే 2001లో చెదిరిపోయింది. పైగా డేటా సీ++కో స్మాల్‌టాక్‌కో అతుక్కుపోయేది. ప్రోగ్రాములు మారతాయి, డేటా మాత్రం దశాబ్దాలు ఉంటుంది. ఇంజనీరింగ్ డిజైన్, టెలికాం వంటి చోట్ల ఆబ్జెక్ట్ డేటాబేస్‌లు బాగానే పనిచేశాయి. అక్కడ ఒక డిజైను లోపల లంకె వెంట లంకె పట్టుకుపోవడమే పని కాబట్టి.

ఈలోగా రిలేషనల్ వర్గం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1999 ఎస్‌క్యూఎల్ ప్రమాణం సొంత డేటా రకాలు తయారుచేసుకునే వీలిచ్చింది. 2001లో వచ్చిన హైబర్నేట్ అనే సాఫ్ట్‌వేర్, జావా ఆబ్జెక్టులను టేబుళ్లలోకి సర్దే పని తన నెత్తినేసుకుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకునే కుర్రాళ్లు ఒరాకిల్‌తో పాటు హైబర్నేట్‌ను కూడా నేర్చుకున్నారు.